ఇంటికి వెళ్ళాక ఎవరు? – వ్యసన విముక్తి సేవకు శిక్షణ



డిశ్చార్జి రోజున మందుల చీటీ ఇచ్చి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పి పంపడం ఆసుపత్రిలో అలవాటు. తాగుడు మానడానికి చేరిన రోగి విషయంలో మాత్రం ఆ రోజు ఇంకొక ప్రశ్న తప్పకుండా వస్తుంది. భార్యో తల్లో గేటు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వస్తారు.

“అమ్మా, ఇక్కడ మీరందరూ ఉన్నారు, బాగానే ఉన్నాడు. ఇంటికెళ్ళాక రోజూ సాయంత్రం ఆ కొట్టు ముందునుంచే రావాలి. అప్పుడు నేను ఎవరిని పిలవాలి?”

మందుల చీటీలో దీనికి జవాబు ఉండదు. ఒంట్లోని మత్తు దిగడానికి వారం పది రోజులు చాలవచ్చు. తాగకుండా బ్రతకడం నేర్చుకోవడానికి నెలలు, సంవత్సరాలు పడుతుంది. ఆ కాలమంతా అతను గడిపేది వార్డులో కాదు, మన వీధిలో, మన సంఘంలో. అక్కడ అతని పక్కన నిలబడే మనిషి కావాలి. ఆ మనిషికి మంచి మనసుతోపాటు శిక్షణ కూడా కావాలి. ఈ సంచికలో మన పాఠం ఆ శిక్షణ గురించే. మీ ఇంట్లో ఇంటర్మీడియట్, డిగ్రీ చదివే పిల్లలుంటే, లేదా వ్యసనం నుండి బయటపడి పదిమందికి సాయపడాలనుకునే వారుంటే, ఈ పాఠం వారితో కలిసి చదవండి.

అవసరం ఎంత?

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు దేశమంతటా సర్వే చేసి 2019లో నివేదిక ఇచ్చారు. 10 నుండి 75 ఏళ్ళ వయసు వారిలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారని, వారిలో 5.7 కోట్ల మందికి దానివల్ల వచ్చిన సమస్యలకు సహాయం అవసరమని అందులో ఉంది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుతోందని కూడా తేలింది. మిగిలిన 37 మంది ఎక్కడున్నారు? ఇళ్ళల్లో ఉన్నారు. వారి దగ్గరికి వెళ్ళేవారు లేరు.

మన తెలుగువారికి ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధాన్ని సడలించారు. ఆ తల్లుల పోరాటం చిన్నది కాదు. అయితే కొట్టు మూయించడం ఒక పని, మానేసి వణుకుతున్న మనిషిని నిలబెట్టడం ఇంకొక పని. మొదటిది పదిమంది గొంతు కలిపితే జరుగుతుంది. రెండవది నేర్చుకుంటేనే చేతనవుతుంది.

మంచి మనసు ఒక్కటే ఎందుకు చాలదు?

మా వార్డులో పనిచేసిన వారెవరూ మరచిపోలేని సంఘటన ఒకటి చెబుతాను. ఒక కుటుంబం వారు ఎంతో ప్రేమతోనే ఇంటి పెద్దకొడుకుని గదిలో పెట్టి తాళం వేశారు. పదిహేనేళ్ళుగా రోజూ తాగుతున్న మనిషి. మూడు రోజులు ఓర్చుకుంటే అలవాటు పోతుందని ఎవరో చెప్పారట. మొదటి రోజు చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. రెండవ రోజు ఫిట్స్ వచ్చాయి. మూడవ రోజు గోడమీద పురుగులు పాకుతున్నాయని కేకలు వేశాడు. గాలి సోకిందేమోనని ఒక పూట ఆలస్యం చేశారు. ఆ తరువాత ఆటోలో మా దగ్గరికి తీసుకొచ్చారు. అతను బ్రతికాడు. ఇంకొక పూట ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేము.

ఆ కుటుంబంలో ప్రేమకు లోటు లేదు. తెలియనిది ఒక్కటే. ఎక్కువ కాలం ఎక్కువగా తాగినవారు ఒక్కసారిగా మానేస్తే, 6 నుండి 24 గంటల్లో వణుకు, చెమట, వాంతులు, నిద్రలేమి మొదలవుతాయి. ఫిట్స్ సాధారణంగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. రెండు నుండి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి చలించి, లేనివి కనబడే స్థితి వస్తుంది. చికిత్స లేకపోతే అది ప్రాణం తీయగలదు. ఆసుపత్రిలో తగిన మందులతోపాటు బి1 విటమిన్ ఇస్తే ఈ రోజులు క్షేమంగా గడుస్తాయి.

తెలంగాణలో కల్తీ కల్లుకు అలవాటుపడిన వారికీ ఇటువంటి ప్రమాదమే ఉంది. అందులో ఆల్ప్రజోలం వంటి మత్తు మందులు కలుపుతారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు దుకాణాలు మూతపడినప్పుడు, హైదరాబాదు ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి రోగులు పెద్ద సంఖ్యలో వచ్చారు.

ఆ ఇంటి వీధిలో శిక్షణ పొందిన ఒక్క మనిషి ఉంటే చాలు. వణుకు చూసిన మొదటి రోజే ఆటో కదిలేది.

శిక్షణలో ఏమి నేర్పుతారు?

కేంద్రాన్ని బట్టి పాఠాలు కొంత మారవచ్చు. కానీ ముఖ్యమైనవి ఇవి.

1. వ్యసనం ఒక జబ్బు అని అర్థం చేసుకోవడం. మత్తు పదార్థం మెదడులో ఏమి చేస్తుంది, కోరిక ఎందుకు ఆగదు, ఒకరు మానగలిగితే ఇంకొకరు ఎందుకు మానలేరు అన్నవి నేర్చుకుంటారు. ఇది తెలిస్తే “బుద్ధి లేక తాగుతున్నాడు” అనే మాట మన నోట రాదు. అలాగని బాధ్యత అతనిది కాదని కాదు. షుగరు జబ్బు వచ్చినవారు తమ తిండి, మందులు తామే చూసుకోవాలి కదా, ఇదీ అంతే.

2. గుర్తించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పట్టిక ఉంది. ఎంత తాగుతారు, ఎన్నిసార్లు, తాగినందువల్ల చేయలేకపోయిన పనులేమిటి అని అడిగి, మార్కులు వేసి, సలహా సరిపోతుందా, డాక్టరు దగ్గరికి పంపాలా అని తేల్చుకోవచ్చు.

3. ప్రమాద సూచనలు. ఫిట్స్, మతి చలించడం, రక్తపు వాంతులు, కళ్ళు పచ్చబడడం, చనిపోతానని మాట్లాడడం, ఇంట్లో వారిని కొట్టడం. ఇవి కనబడితే మాటలతో కాలం గడపకూడదు. ఎవరిని పిలవాలి, ఎక్కడికి తీసుకెళ్ళాలి అన్నది ముందే తెలిసి ఉండాలి.

4. మాట్లాడే పద్ధతి. దీని గురించి కింద వివరంగా చెబుతాను.

5. కుటుంబంతో పని. భార్య అప్పు తెచ్చి అతని బాకీ తీరుస్తుంది, జ్వరమని మేస్త్రీకి అబద్ధం చెబుతుంది, పిల్లలు రాత్రి పది గంటలకు పక్కింటికి పారిపోతారు. ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే అందరి నడవడికా మారిపోతుంది. కాబట్టి సహాయం అందరికీ కావాలి.

6. గుట్టు కాపాడడం. విన్న మాట బయటికి పోకూడదు. ప్రార్థన కూటంలో “ఫలానా వారి కోసం ప్రార్థించండి, మళ్ళీ తాగుతున్నారు” అని చెప్పినా అది గుట్టు బయటపెట్టడమే. అతని అనుమతి ఉంటేనే చెప్పాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే జబ్బులకూ వర్తిస్తుంది. రోగి వివరాలు గుట్టుగా ఉంచడం ఆ చట్టం ఇచ్చిన హక్కు. గొలుసులతో కట్టివేయడాన్ని ఆ చట్టం పూర్తిగా నిషేధించింది.

7. వెంట ఉండడం. మానేసినవారు మళ్ళీ తాగడం చాలా సార్లు జరుగుతుంది. అది జరిగిన రోజున కార్యకర్త ముఖం ఎలా ఉందన్నది ముఖ్యం. ఏ పరిస్థితిలో తాగాడు, ముందు రోజు ఏమి జరిగింది, ఈసారి అదే పరిస్థితి వస్తే ఏమి చేయాలి అని కలిసి ఆలోచించడం నేర్పుతారు.

ఒక జాగ్రత్త కూడా ఇక్కడే చెప్పాలి. “రోగికి తెలియకుండా కూరలో కలిపి ఇవ్వండి, తాగుడు మానేస్తాడు” అనే ప్రకటనలు మీరు చూసి ఉంటారు. డైసల్ఫిరామ్ అనే మందు డాక్టరు పర్యవేక్షణలో, రోగికి అన్నీ చెప్పి, అతను ఒప్పుకున్నాకే ఇవ్వవలసినది. ఆ మందు ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. తెలియకుండా ఎప్పుడూ కలపకండి. శిక్షణ పొందిన కార్యకర్త ఇటువంటి సలహా ఇవ్వరు.

రెండు సంభాషణలు

తాపీపని చేసే ఒక అన్న దగ్గరికి మన యువకుడొకడు వెళ్ళాడనుకుందాం. శిక్షణ లేకుండా వెళితే మాటలు ఇలా ఉంటాయి.

“ఏంటన్నా, మళ్ళీ తాగావంట? పిల్లల మొహం చూసైనా మానకూడదా?”

“నా డబ్బులతో నేను తాగుతున్నా. నీకెందుకురా?”

అక్కడితో తలుపు మూసుకుపోయింది. ఇప్పుడు శిక్షణ పొంది వెళ్ళాడనుకుందాం.

“అన్నా, కాసేపు కూర్చోవచ్చా? నిన్నొకటి అడుగుతాను. తాగితే నీకు బాగుండేది ఏమిటి?”

“ఒళ్ళు నొప్పులు తెలీవు తమ్ముడూ. నిద్ర పడతది.”

“రోజంతా ఎండలో ఇటుక మీద ఇటుక పెట్టి అలిసిపోతావు. మరి దానివల్ల ఇబ్బంది ఏమైనా ఉందా?”

“పొద్దున్నే చేతులు వణుకుతన్నాయి. తాపీ పట్టలేకపోతన్నా. కాస్త వేసుకుంటేగాని ఆగదు.” కొంచెం ఆగి, “పాప నా దగ్గరికి రావట్లేదు” అన్నాడు.

“పాప దగ్గరికి రావాలని నీకుంది.”

“ఉండదా మరి?”

ఈ తమ్ముడు ఉపదేశం చేయలేదు. అడిగాడు, విన్నాడు, విన్నదాన్ని తిరిగి చెప్పాడు. మానడానికి కారణం ఆ అన్న నోటినుండే వచ్చింది. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త విలియం మిల్లర్ 1983లో ఈ పద్ధతి గురించి మొదట రాశారు. ఇప్పుడు అనేక దేశాల్లో దీన్ని నేర్పుతున్నారు. ఇంకొక సంగతి గమనించారా? పొద్దున్నే చేతులు వణుకుతున్నాయని, తాగితేగాని ఆగదని అతను చెప్పాడు. అది వినగానే శిక్షణ ఉన్న మనిషికి తెలుస్తుంది, ఇతన్ని “రేపటినుండి మానెయ్” అనకూడదని, ముందు డాక్టరుకు చూపించాలని.

ఇటువంటి సంభాషణ చదివితే సులువుగా ఉంటుంది. నోట రావాలంటే సాధన కావాలి. అందుకే శిక్షణలో ఒకరు రోగిగా, ఒకరు కార్యకర్తగా కూర్చుని పదే పదే అభ్యాసం చేస్తారు.

మామూలు మనుషులు చేయగలరా?

చేయగలరని చెప్పడానికి మన దేశంలోనే రుజువుంది. గోవాలో పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఒక పరిశోధన జరిగింది. మానసిక వైద్యంలో ముందు ఏ చదువూ లేని స్థానికులను తీసుకుని సలహాదారులుగా తయారుచేశారు. హానికరమైన స్థాయిలో తాగే పురుషులతో వారు ఒక్కొక్కరితో నాలుగు సార్ల వరకు కూర్చుని మాట్లాడారు. మూడు నెలల తరువాత చూస్తే, మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో 26 శాతం మంది ఆ స్థాయి నుండి బయటపడగా, వీరితో మాట్లాడినవారిలో 36 శాతం మంది బయటపడ్డారు. 2017లో లాన్సెట్ వైద్య పత్రిక ఈ ఫలితాలు ప్రచురించింది. అయితే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. పూర్తిగా బానిసలైనవారిని ఆ పరిశోధనలో చేర్చలేదు, అటువంటి వారికి డాక్టరు వైద్యం కావాలి. ఇంకొకటి, ఆ సలహాదారులను శిక్షణ ఇచ్చి వదిలేయలేదు. వారు క్రమంగా కలుసుకుని, రికార్డు చేసిన సంభాషణలు విని, ఒకరి తప్పులు ఒకరు దిద్దుకున్నారు.

ఇంకొక ఉదాహరణ తమిళనాడుది. భర్తను తాగుడు వల్ల పోగొట్టుకున్న శాంతి రంగనాథన్‌గారు 1980లో మద్రాసులో టి.టి. రంగనాథన్ పరిశోధన సంస్థను ప్రారంభించారు. 1992లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. ఆ సంస్థ ఆసుపత్రికే పరిమితం కాకుండా మంజక్కుడి అనే గ్రామంలో శిబిరాలు పెట్టింది. వైద్యం సంస్థ చేస్తే, మిగతా ఏర్పాట్లలో ఊరివారు పాలుపంచుకున్నారు. శిబిరం ముగిశాక కూడా ఆ మనిషి ఊరివారి మధ్యనే ఉంటాడు కాబట్టి ఆ తోడు ఉపయోగపడింది.

బాధ అనుభవించినవారి మాటకు ఉన్న బలం వేరు. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో తాగుడుకు బానిసలైన ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్ కలుసుకుని ఒకరికొకరు ధైర్యం చెప్పుకోవడంతో ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలైంది. మన పట్టణాల్లోనూ ఆ కూటములు జరుగుతున్నాయి. కుటుంబ సభ్యుల కోసం 1951లో అల్‌ఆనాన్ ఏర్పడింది.

ఎవరు ఏ దారిలో వెళ్ళవచ్చు?

పదవ తరగతి, ఇంటర్ చదివినవారు: స్వచ్ఛంద కార్యకర్తగా మొదలుపెట్టవచ్చు. ఇళ్ళకు వెళ్ళి పలకరించడం, ఓ.పి.కి తోడు రావడం, మందులు వేసుకుంటున్నారో లేదో చూడడం మొదటి పనులు.

వ్యసనం నుండి బయటపడినవారు: కేంద్ర ప్రభుత్వ సహాయంతో నడిచే కేంద్రాల్లో తోటి విద్యాబోధకులుగా వీరికి చోటుంది. కానీ తొందరపడకండి. ఒకటి రెండు సంవత్సరాలు నిలకడగా గడిచాకే ఈ పనిలోకి రావడం మంచిది. ఇంకొకరి చేతిలో సీసా చూసినప్పుడు మన మనసు ఏమంటుందో మనకు తెలిసి ఉండాలి.

డిగ్రీ చదివినవారు: మనస్తత్వ శాస్త్రం లేదా సోషల్ వర్క్ చదివితే కౌన్సిలర్ ఉద్యోగానికి ఉపయోగం. ఎం.ఎస్.డబ్ల్యూ. రెండు సంవత్సరాల కోర్సు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, ఉస్మానియాలో ఉంది. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా దూరవిద్యలోనూ చదవవచ్చు. ఆపైన బెంగళూరు నిమ్‌హాన్స్ వంటి చోట్ల సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో ఉన్నత చదువుంది.

నర్సులు, ఆశా కార్యకర్తలు, టీచర్లు: ఉన్న ఉద్యోగంలో ఉంటూనే స్వల్పకాలిక శిక్షణ పొందవచ్చు. నిమ్‌హాన్స్ వారు ఆన్‌లైన్‌లో కూడా నేర్పుతారు. ఢిల్లీలోని జాతీయ సామాజిక రక్షణ సంస్థ ఈ రంగంలో పనిచేసేవారికి శిక్షణ ఏర్పాటు చేస్తుంది.

2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో సోషల్ వర్కర్లను, మానసిక ఆరోగ్య సహాయక కార్యకర్తలను కూడా చేర్చారు. ఇది కూడా ఒక వృత్తే అని ఇప్పుడు చట్టం గుర్తించింది.

కోర్సులో చేరేముందు మూడు ప్రశ్నలు అడగండి. రోగులతో కలిసి పనిచేసే అభ్యాసం ఉందా? అనుభవజ్ఞులు పక్కన ఉండి దిద్దుతారా? ఇచ్చే సర్టిఫికెట్‌ను ఎవరు గుర్తిస్తారు? రెండు రోజుల తరగతికి గోడకు తగిలించుకునే కాగితం ఇచ్చి “కౌన్సిలర్” అనేవారిని నమ్మి డబ్బు కట్టకండి.

కష్టాలు కూడా తెలుసుకోండి

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ పనిలో జీతం మొదట తక్కువగానే ఉంటుంది. చాలా కేంద్రాలు గ్రాంటు మీద నడుస్తాయి కాబట్టి అది ఆలస్యం కావచ్చు. ఆరు నెలలు వెంట తిరిగిన మనిషి పండుగ రోజున తాగి వస్తే మనసు విరిగిపోతుంది. ఒక్కొక్కసారి మనం పోగొట్టుకునేవారూ ఉంటారు. అందుకే శిక్షణలో చివరి పాఠం తనను తాను కాపాడుకోవడం. తాగి ఉన్నవారింటికి ఒంటరిగా వెళ్ళకూడదు. అమ్మాయిలు ఇద్దరుగా వెళ్ళాలి. అప్పు ఇవ్వకూడదు. ఫోను ఏ వేళ వరకు ఎత్తాలో ముందే చెప్పాలి. వారానికొకసారి పైవారితో కూర్చుని మనసులోని భారం చెప్పుకోవాలి. “నేను లేకపోతే అతను పాడైపోతాడు” అనుకున్న రోజున మనకే సహాయం అవసరమని తెలుసుకోవాలి.

ఇవన్నీ తెలిసి కూడా ఈ పనిలో నిలిచినవారున్నారు. ఎందుకు నిలిచారని అడిగితే పెద్ద మాటలు చెప్పరు. మొన్న ఒక కార్యకర్త చెప్పినది ఇంతే: “ఆ పాప వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని బడికి వెళ్తుంటే చూశానండీ.”

కుటుంబంలో, యువజన కూటంలో చర్చించడానికి

1. మన వీధిలో తాగుడు వల్ల బాధపడే ఇల్లు మనకు తెలుసా? ఆ ఇంటివారు మనల్ని చూసి తలుపు తీస్తారా, మూస్తారా? ఎందుకు?

2. తాగుడు మానేసి తిరిగి వచ్చిన మనిషిని మనం ఏ మాటతో పలకరిస్తున్నాం?

3. మన సంఘం నుండి ఒక్కరిని శిక్షణకు పంపాలంటే ఎవరిని పంపుతాం? ఖర్చు ఎలా పంచుకుంటాం?

4. ఒక్కసారిగా మానేసిన మనిషిలో కనబడే ప్రమాద సూచనలు పుస్తకం చూడకుండా మూడు చెప్పగలమా?

సహాయం కావాలంటే: మత్తు వ్యసనాలకు జాతీయ హెల్ప్‌లైన్ 14446. మానసిక సమస్యలకు, చనిపోవాలనే ఆలోచనలకు టెలిమానస్ 14416, తెలుగులో మాట్లాడవచ్చు. ఫిట్స్ వచ్చినా, మతి తప్పినా ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయండి.

గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చిన ఆ తల్లికి ఇప్పుడు మేము ఆసుపత్రి నంబరు, ఈ హెల్ప్‌లైన్లు రాసి ఇస్తున్నాం. ఆ కాగితం మీద ఇంకొక గీత ఖాళీగా ఉంటుంది. “మీ ఊరిలో పిలవవలసినవారు” అని దాని పక్కన రాసి ఉంటుంది. ఆ గీత మీద రాయడానికి మీ ఊరినుండి ఒక పేరు కావాలి.